రొయ్యను పోలిన ఫ్లై: ప్యాకెట్‌లో వచ్చేదొకటి, మన చెరువులో తిరిగేదొకటి

డిండి, కోయిల్‌సాగర్, మూసీ ప్రాజెక్టు ఒడ్డున ఇప్పుడు మామూలు గాలం కట్టెల మధ్య అక్కడక్కడా ఫ్లై రాడ్లు కూడా కనిపిస్తున్నాయి. సర్కారు చేపపిల్లలతో పాటు రొయ్యపిల్లలనూ జలాశయాల్లో వదులుతుండటంతో, రొయ్యలా ఉండే ఫ్లై వేస్తే చేప పడుతుందా అన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. ఆన్‌లైన్‌లో 'ష్రింప్' అని కొట్టి తెప్పించుకుంటే గోరంత సైజులో, గులాబీ రంగులో, కొడవలిలా వంగిన ఫ్లైలు వస్తాయి. వాటిని వేసినవాళ్లలో చాలామంది చెప్పేది ఒకటే: చేప పట్టించుకోవడం లేదు. లోపం చేపది కాదు, విసిరే చేతిదీ కాదు. ఆ ఫ్లై పోలిన జీవి మన చెరువుల్లో చేపలు రోజూ తినే మేత కాదు.

అసలు ఫ్లై అంటే ఏమిటో ఒక్క మాటలో చెప్పి ముందుకు పోదాం. ముల్లు మీద ఈకలు, వెంట్రుకలు, ఉన్ని, తీగ దారంతో కట్టి తయారుచేసే ఉత్తుత్తి ఎరే ఫ్లై. ఇందులో వాసన ఉండదు, రుచి ఉండదు. చేప నమ్మేది ఆకారాన్ని, కదలికను మాత్రమే. మామూలు గాలంలో సీసం గుండు బరువుతో ఎర దూరం పోతుంది. ఇక్కడ ఫ్లై బరువు లెక్కలోకే రాదు. లావుగా పూత పూసిన లైను బరువే దాన్ని మోసుకుపోతుంది. లైన్లకు బరువును బట్టి నంబర్లు ఉంటాయి. 5వ నంబరు లైనులో ముందరి 30 అడుగుల బరువు 140 గ్రెయిన్లు, అంటే 9 గ్రాముల పైచిలుకు. దాని చివర వేలాడే ఫ్లై గ్రాములో మూడో నాలుగో వంతు కూడా ఉండదు.

## ఒకే పేరు మోసే రెండు జీవులు

ఐరోపా, అమెరికా చల్లటి నదుల్లో గామరస్ అనే చిన్న జీవి ఉంటుంది. సున్నపురాయి నేలల మీద పారే నీళ్లలో అది లెక్కలేనంతగా పెరుగుతుంది. ట్రౌట్, గ్రేలింగ్ చేపలకు ఏడాది పొడుగునా అదే మేత. అక్కడి గాలం పట్టేవాళ్లు దాన్ని మంచినీటి రొయ్య అనే పిలుస్తారు, కానీ అది రొయ్య కాదు, ఆంఫిపాడ్ అనే వేరే గుంపుది. పొడవు సెంటీమీటరు, మహా అయితే రెండు. రెండు పక్కల నుంచి నొక్కినట్టు సన్నగా ఉంటుంది, తరచూ పక్కకు ఒరిగి ఈదుతుంది. దానికి తోక విసనకర్ర ఉండదు, కాడల మీద నిలిచిన కళ్లూ ఉండవు. ఒకప్పుడు ఇంగ్లండులో ఏవన్ నదిని చూసుకున్న ఫ్రాంక్ సాయర్ గ్రేలింగ్ చేపల కోసం కట్టిన 'కిల్లర్ బగ్' ఈ జీవిని ఉద్దేశించినదే: రాగి తీగ, చాడ్విక్స్ 477 అనే రఫ్ఫు ఉన్ని తప్ప అందులో ఇంకేమీ లేదు. ఆ నీళ్లకు అది గొప్ప ఫ్లై.

ఆ వంకర ముల్లు గురించి అక్కడివాళ్లలోనే ఒక వాదం ఉంది. గామరస్‌ను వలలోంచి అరచేతిలోకి తీస్తే ముడుచుకుంటుంది. ఆ ముడుచుకున్న రూపం చూసి ఫ్లైలు కొడవలిలా కట్టారనీ, ఈదేటప్పుడు అది చాచుకునే ఉంటుంది కాబట్టి తిన్నటి ముల్లే సరైనదనీ ఒక వర్గం అంటుంది. పట్టు తప్పి ప్రవాహంలో కొట్టుకుపోయేది ముడుచుకునే ఉంటుంది, చేప తినేది అలాంటిదాన్నేనని రెండో వర్గం. పారే నదిలో రెండో మాటకు బలముంది. నిలకడగా ఉండే చెరువు నీళ్లకు మాత్రం ఆ వాదనే వర్తించదు.

## మన నీళ్లలో ఏమున్నాయి

మనవి అసలైన రొయ్యలు. పది కాళ్లు, కాడల మీద కళ్లు, ఆరు కణుపుల పొత్తికడుపు, చివర విసనకర్ర లాంటి తోక. ఫ్లై కట్టేవాడి లెక్కలో వీటిని మూడు సైజులుగా చూస్తే చాలు.

మొదటివి చిట్టి రొయ్యలు, కారిడినా జాతివి. నాచులో, తుంగ మొదళ్లలో, తూము దగ్గరి రాళ్ల మీద ఉంటాయి. పెరిగినా రెండు రెండున్నర సెంటీమీటర్లే. గాజులా ఉంటాయి కాబట్టి కళ్లు, పొట్టలోని మేత తప్ప మిగతాది కనబడదు. రెండోవి మాక్రోబ్రాకియంలో చిన్న రకాలు, నాలుగైదు సెంటీమీటర్ల దాకా పెరిగేవి. మూడోవి పెద్దవి: కృష్ణలో పూర్వం నుంచీ ఉన్న మాల్కమ్‌సోని రకం, ఇప్పుడు జలాశయాల్లో వదులుతున్న నీలకంఠ రొయ్య. నీలకంఠలో మగది 30 సెంటీమీటర్ల దాకా పోతుంది, దాని నీలం డెక్కలు చూస్తే ఎవరైనా గుర్తుపడతారు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. నీలకంఠ పిల్లలు పుట్టిన తొలి వారాల్లో బతకాలంటే ఉప్పు కలిసిన నీళ్లు కావాలి. సముద్రం ఎక్కడో, డిండి ఎక్కడో. అందుకే మన జలాశయాల్లో అవి పెరుగుతాయే కానీ సంతతి నిలవదు, మళ్లీ వదలాల్సిందే. మాల్కమ్‌సోనిదీ అదే కథ. గుడ్ల కోసం నది దిగి, పిల్లలుగా ఎదురెక్కే ఆ రొయ్య దారికి ఆనకట్టలు అడ్డం పడ్డాయి. ఫ్లై సైజుకూ దీనికీ సంబంధం ఉంది. వదిలిన కొత్తలో నీలకంఠ పిల్ల సుమారు సెంటీమీటరు. నెలలు గడిచేకొద్దీ చేప నోటికి అందే సైజు మారుతూ పోతుంది. చిట్టి రొయ్య మాత్రం అక్కడే పుట్టి అక్కడే పెరుగుతుంది, ఏ నెలలో చూసినా అదే సైజులో దొరుకుతుంది. కాబట్టి ఒక్క ఫ్లైతో సరిపెట్టుకోవాలంటే రెండున్నర మూడు సెంటీమీటర్లదే కట్టుకోవడం మేలు. చిట్టి రొయ్యకూ పనికొస్తుంది, పెద్ద జాతి పిల్లకూ పనికొస్తుంది. డెక్కలు మొలిచిన పెద్ద రొయ్యను మింగగలిగేది పెద్ద వాలుగ లాంటిదే.

## తల ఎటు, తోక ఎటు

రొయ్య మామూలుగా ముందుకే నడుస్తుంది, పొత్తికడుపు కింది తెడ్ల లాంటి కాళ్లు ఆడిస్తూ నెమ్మదిగా ముందుకే ఈదుతుంది. బెదిరినప్పుడు మాత్రం తోకను ఒక్కసారిగా కడుపు కిందికి కొట్టి వెనక్కి ఎగురుతుంది. ఒక దూకు, రెండు దూకులు, ఆపైన కాళ్లు చాచి కిందికి జారుతుంది. వేటాడే చేప ఎగబడేది ఈ జారే క్షణంలోనే.

ఫ్లైని మనం లాగేది ముల్లు కన్ను వైపు నుంచి, అంటే తంగూసు కట్టే రంధ్రం వైపు నుంచి. అంటే వెనక్కి దూకే రొయ్య కావాలంటే తోక ముల్లు కన్ను దగ్గర, తల ముల్లు వంపు దగ్గర రావాలి. మామూలు ఫ్లైలకు ఇది పూర్తిగా తిరగేసిన పద్ధతి. దీని మీదా రెండు అభిప్రాయాలున్నాయి. సముద్రపు బోన్‌ఫిష్ కోసం 1977లో బహామాస్‌లో పుట్టిన 'క్రేజీ చార్లీ'లో కళ్లు ముల్లు కన్ను దగ్గరే ఉంటాయి, అయినా అది లెక్కలేనన్ని చేపలు పట్టింది. చేపకు కావాల్సింది రెండు నల్లటి చుక్కలు, వాటి వెనక లేత రంగు ఒళ్లు, అవి ఎటున్నా ఒకటేనని దాన్ని నమ్మినవాళ్లు అంటారు. లోతు తక్కువ ఉన్న పలుచటి నీళ్లలో వేగంగా లాగేటప్పుడు ఆ మాట నిజమే. కానీ మన చెరువుల్లో ఎక్కువసేపు ఆపి, జారనిచ్చి పట్టాలి. చేప దగ్గరికొచ్చి చూసే వ్యవధి ఉంటుంది. అలాంటి చోట తిరగేసి కట్టిన ఫ్లైదే పైచేయి. మీసాలు, కళ్లు వెనక వైపు తేలుతూ ఉంటే జారేటప్పుడు రూపం చెదరదు.

## గులాబీ రంగు ఎక్కడిది

రొయ్య ఒంట్లో ఆస్టాజాంతిన్ అనే ఎరుపు రంగు పదార్థం ఉంటుంది. బతికున్నప్పుడు అది ఒక మాంసకృత్తుకు అతుక్కుని ఉండటంతో నీలి ఆకుపచ్చగానో మట్టి రంగుగానో కనబడుతుంది. వేడి తగిలితే ఆ మాంసకృత్తు విడిపోయి ఎరుపు బయటపడుతుంది. పొయ్యి మీద రొయ్య ఎర్రబడటానికి కారణమిదే. గులాబీ ఫ్లై ఉడికిన రొయ్యనే పోలి ఉంటుంది.

అయినా ఆ రంగును కొట్టిపారేయలేం. గామరస్‌లో పామ్ఫోరింకస్ అనే పరాన్నజీవి చేరితే దాని ఒంటి మీద నారింజ చుక్క కనబడుతుంది, ఐరోపాలో నారింజ చుక్క పెట్టి కట్టేవాళ్లు దాన్నే చూపుతారు. ఇంకో కారణం మనకు దగ్గరిది. తేట నీళ్లలో ఎరుపు కాంతి తొందరగా ఆరిపోతుంది, కానీ మట్టి కలిసిన నీళ్లలో నీలమే ముందు ఆగిపోయి, ఎరుపు, నారింజ కాస్త లోతుకు పోతాయి. వానాకాలం తొలి వరదకు పాలమూరు చల్క నేలల నుంచి చెరువులోకి ఎర్ర నీళ్లు దిగినప్పుడు నారింజ ఉన్ని కొద్దిగా కలిపిన ఫ్లై చేప కంటికి తొందరగా ఆనుతుంది. చలికాలంలో నీళ్లు తేరాక లేత గోధుమ రంగు, బూడిద కలిసిన ఆకుపచ్చ వేయాలి. తేట నీళ్లలో గులాబీ ఫ్లై పనికిరాదనే చెప్పాలి.

## బరువు: కొంచెంలోనే తేడా

బరువు ఎక్కువైతే ఫ్లై రాయిలా దిగుతుంది, తక్కువైతే నాచు పైనే తేలుతుంది. ఒక లెక్క చూద్దాం. 0.5 మి.మీ. సీసం తీగను మిల్లీమీటరు మందం ముల్లు కాడ (కన్నుకూ వంపుకూ మధ్య తిన్నటి భాగం) మీద 10 చుట్లు చుడితే సుమారు 4.7 సెం.మీ. తీగ పడుతుంది, బరువు గ్రాములో పదో వంతు. అదే మందం రాగి తీగైతే అందులో ఐదోవంతు తగ్గుతుంది. సీసం విషం కాబట్టి, తెగిన ఫ్లై చెరువులోనే ఉండిపోతుంది కాబట్టి, రాగి మీద రెండు చుట్లు ఎక్కువ వేసుకోవడమే మంచిదని ఈ వ్యాసం పక్షం.

కట్టిన ఫ్లైని బకెట్ నీళ్లలో బాగా పిండి తడిపి వదలాలి. 30 సెం.మీ. లోతుకు రెండు సెకన్లు పడితే సెకనుకు 15 సెం.మీ. దిగుతున్నట్టు. మీటరున్నర లోతున్న చోట 10 సెకన్లు. చెరువులో లీడరు, అంటే లైనుకూ ఫ్లైకీ మధ్య కట్టే సన్నటి తంగూసు, పట్టి ఆపుతుంది కాబట్టి 12 దాకా లెక్కపెట్టి లాగాలి. నాచు తగిలి వస్తే 10కి, ఆ తర్వాత 9కి తగ్గించుకుంటూ పోతే నాచు పైన జానెడు ఎత్తులో ఫ్లై నడిచే లెక్క దొరుకుతుంది.

నాచు మరీ దట్టంగా ఉన్న చోట కొందరు కాడ పైన జంట గుండ్ల కళ్లు కట్టి, ముల్లు మొన పైకి ఉండేలా తలకిందులు చేస్తారు. నాచులో చిక్కదు, నిజమే. కానీ అప్పుడు రొయ్య వెన్ను మొన వైపుకు మారుతుంది, పెంకు అటు కట్టాలి, కాళ్లు ఇటు ఉంచాలి. ఈ సంగతి మరిచి మామూలుగానే కట్టి గుండ్లు తగిలిస్తే రొయ్య వెల్లకిలా ఈదుతుంది.

## మూడు సెంటీమీటర్ల రొయ్య, మొదటి చుట్టు నుంచి

8వ నంబరు పొడవు కాడ ముల్లు తీసుకుందాం. నంబర్లు కంపెనీకో తీరు ఉంటాయి, కాడ 17 మి.మీ. ఉందో లేదో స్కేలుతో చూడటమే నమ్మకం. సామానులో సగం నల్లగొండలోనే దొరుకుతుంది. వ్యవసాయ మోటార్ల వైండింగ్ దుకాణంలో 38 గేజీ రాగి తీగ, అంటే 0.15 మి.మీ.ది, ముక్కల్లో మిగిలే ఉంటుంది. బరువుకు 26 గేజీ, 0.46 మి.మీ.ది అడగాలి. కళ్లకు 0.60 మి.మీ. నైలాన్ తంగూసు. కాళ్లకు నాటుకోడి పుంజు మెడ ఈక. పెంకుకు సాగే గుణమున్న పల్చటి పాలిథిన్. ఒంటికి గొర్రె ఉన్ని, నల్లది కాదు, లేత రంగుది. దారం మాత్రం ఫ్లైల కోసం అమ్మే 70 డెనియర్‌దే కొనాలి, టైలరు దారం ఈ సైజుకు లావై చివర ముద్ద కడుతుంది. కౌజు, నీటికోడి లాంటి అడవి పక్షుల ఈకల జోలికి పోవద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది.

ముందు కళ్లు చేసుకోవాలి. తంగూసు 12 మి.మీ. ముక్కను పట్టుకారుతో పట్టి కొసను లైటరు మంటకు పక్కగా చూపితే కరిగి చిన్న గుండు కడుతుంది. మంటలో పెడితే అంటుకుని మసి పట్టి వంకర పోతుంది. మిల్లీమీటరున్నర గుండు చాలు, నల్ల మార్కరుతో దిద్దాలి. ఫ్లోరోకార్బన్ తంగూసు ఇలా గుండ్రంగా కరగదు, నైలానే వాడాలి.

ముల్లును వైస్‌లో బిగించి, కన్ను వెనక 2 మి.మీ. వదిలి దారం మొదలుపెట్టి వంపు దాకా పరచాలి. నడి కాడ మీద 26 గేజీ తీగ 12 చుట్లు, దాని మీద దారం అడ్డదిడ్డంగా నాలుగు సార్లు. వంపు దగ్గర రెండు పక్కలా కళ్లు కట్టి, 3 మి.మీ. వెనక్కి పొడుచుకొచ్చేలా ఉంచాలి. వాటి మధ్య మేక వెంట్రుకలు ఎనిమిదో పదో, 15 మి.మీ. పొడవువి, మీసాలకు ఇంకో రెండు వెంట్రుకలు రెట్టింపు పొడవువి. అక్కడే 4 మి.మీ. వెడల్పు పాలిథిన్ పట్టీ, కొసను మొనలా కత్తిరించి కడితే మడత పడదు. ఈకను దాని కొస వైపు నుంచి అక్కడే కట్టాలి. ఈక పోగులు ముల్లు నోటి వెడల్పును, అంటే మొనకూ కాడకూ మధ్య ఎడాన్ని, దాటకూడదు.

కణుపుల తీగను మాత్రం వంపు దగ్గర కట్టొద్దు. రొయ్య ముందు భాగం ఒకే పెంకు, దాని మీద గీతలుండవు. కణుపులు మొదలయ్యేది ఆ తర్వాతే. కాబట్టి వంపు నుంచి కాడలో మూడో వంతు దాటాక 38 గేజీ తీగను బిగించాలి. ఇది చిన్న విషయమే, కానీ ఫ్లై రొయ్యలా కనబడేది ఇక్కడే.

ఉన్నిని దారం మీద పల్చగా పేని చుట్టాలి, తల వైపు లావు, తోక వైపు సన్నం. ఈకను ముందు మూడో వంతులో దగ్గర దగ్గరగా నాలుగు చుట్లు, మిగతా కాడ మీద ఎడంగా రెండు చుట్లు చుట్టి, పైకి లేచిన పోగులన్నీ కత్తిరించాలి. ఇప్పుడు పాలిథిన్ పట్టీని వెన్ను మీదుగా లాగి, సాగిన స్థితిలోనే కన్ను వెనక కట్టాలి. రాగి తీగను ఈకకు ఎదురు దిశలో, పోగుల మధ్య అటూ ఇటూ ఊపుతూ ఆరు చుట్లు తెచ్చి బిగించాలి. మిగిలిన పట్టీని 4 మి.మీ. వదిలి విసనకర్రలా కత్తిరిస్తే తోక. ముడి పెట్టి, గోళ్ల రంగు ఒక చుక్క.

## చెడేది ఎక్కడ

లాగినప్పుడు ఫ్లై గిరగిరా తిరిగితే పట్టీ ఒక పక్కకు జరిగిందని గానీ, తోక మరీ వెడల్పైందని గానీ అర్థం. వదిలేస్తే లీడరు మెలిక పడి తెగుతుంది. తోకను 3 మి.మీ. వెడల్పుకు తగ్గించి బకెట్‌లో మళ్లీ లాగి చూడాలి. ముల్లు కన్నులో తంగూసు దూరకపోతే తోక కన్ను మీద పడుతోందన్నమాట, ముందే 2 మి.మీ. వదలమన్నది అందుకే. రెండు చేపలకే ఈక ఊడిపోతే రాగి తీగను ఈక వెళ్లిన దిశలోనే చుట్టారు. అప్పుడు తీగ ఈక కాడ పక్కన పడుకుంటుంది కానీ దాన్ని అడ్డంగా నొక్కిపట్టదు.

అందరూ చేసే పొరపాటు మాత్రం ఉన్ని ఎక్కువ పెట్టడం. ఒళ్లు లావైతే గాలి పట్టుకుని మునగదు, మునిగినా వెలుతురు దూరక నల్లటి ముద్దలా కనబడుతుంది. ఫ్లైని ఎండకు ఎదురుగా పట్టి చూస్తే అంచుల్లోంచి వెలుతురు రావాలి. రాకపోతే పళ్ల బ్రష్‌తో గీకి ఉన్ని సగం లాగేయాలి.

## ఎక్కడ, ఏ చేపకు, ఎవరిని అడిగి

రొయ్యను ఇష్టంగా తినేవి కొర్రమీను, జెల్లలు, వాలుగ, బొమ్మిడాయి. జిలేబి చేప కూడా ఫ్లైకి వస్తుంది. బొచ్చె పైనీళ్లలో సూక్ష్మజీవులు వడకట్టుకుని బతికేది, రోహు నాచు, మొక్కల మేత మీద ఆధారపడేది. వాటికి రొయ్య ఫ్లై వేసి పూటంతా నిలబడటం దండగ. రొయ్యలు పగలు దాగి పొద్దు వాలాక కదులుతాయి. కాబట్టి సాయంత్రం చివరి గంట, తెల్లవారుజామున మొదటి గంట, తుంగ అంచున, అలుగు రాళ్ల దగ్గర, నీళ్లు తగ్గి శిఖం (చెరువు అడుగు నేల) బయటపడ్డ అంచున ఇంకా మునిగి ఉన్న తుమ్మ మోళ్ల చుట్టూ వెయ్యాలి. 10, 15 సెం.మీ. చొప్పున రెండు లాగులు, తర్వాత మూడు నుంచి ఐదు సెకన్లు ఆగడం. ఆగినప్పుడు లైను కొస కాస్త పక్కకు జరిగినా, ఉన్నట్టుండి సడలినా అదే పట్టు. చేతికి గుంజు తెలిసేదాకా ఆగితే చేప ఉమ్మేస్తుంది.

జెల్లకు, జిలేబికి 5వ నంబరు లైను, చివర 0.20 మి.మీ. తంగూసు చాలు. తుంగలో కొర్రమీనుకు 8వ నంబరు లైను, 0.40కి తగ్గని తంగూసు కావాలి, లేకపోతే అది మొదళ్లలోకి దూరి తెంపుకుపోతుంది, ముల్లు దాని నోట్లోనే ఉండిపోతుంది. ముల్లు లోపలి పంటిని పట్టుకారుతో నొక్కేస్తే ఆ నష్టం సగం తగ్గుతుంది.

మన చెరువుల్లో చేపల హక్కు మత్స్యకార సహకార సంఘాలది. ఆ నీళ్లలో చేపపిల్ల, రొయ్యపిల్ల పెరిగేది వాళ్ల బతుకుతెరువు కోసం. వాళ్లను అడగకుండా రాడ్ విప్పడం తప్పు, పట్టి వదిలేసేదైనా సరే. అమ్రాబాద్ పులుల అభయారణ్యం వైపు కృష్ణ ఒడ్డుకైతే అటవీశాఖ అనుమతి లేకుండా పోరాదు. జూరాల నుంచి సాగర్ దాకా కృష్ణలో మొసళ్లున్నాయి కాబట్టి నడుం లోతు నీళ్లలో దిగి విసిరే విదేశీ పద్ధతి ఇక్కడ పనికిరాదు. వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపు నీటి పైకి వచ్చి పోతూ కనబడితే కింద కొర్రమీను జంట కాపలా ఉన్నట్టే. ఆ సమయంలో ఆకలి లేకపోయినా పిల్లల దగ్గరికి ఏది వచ్చినా కొడుతుంది, ఫ్లైని కూడా. దాన్ని లాగేస్తే గుంపు మొత్తాన్ని మిగతా చేపలు నిమిషాల్లో తినేస్తాయి. అక్కడ లైను చుట్టేసుకుని కట్ట మీద ఇంకో చోటు చూసుకోవాలి.